ఫిట్స్ ఇంజెక్షన్... ఇంట్లో వద్దు!

ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే అత్యవసరమే. ఆసుపత్రిలో లోరాజెపామ్, డయాజెపామ్ వంటి మందులను నరానికి ఇస్తారు. ఇవి ఫిట్స్‌ను ఆపుతాయి. కానీ శ్వాస మందగించొచ్చు, బీపీ పడిపోవచ్చు. వేగంగా ఇస్తే ముప్పు మరింత ఎక్కువ. అందుకే పెద్దలకు డయాజెపామ్‌ను నిమిషానికి 5 మిల్లీగ్రాములకు మించకుండా, నెమ్మదిగా ఎక్కిస్తారు. ఆక్సిజన్, అంబూ బ్యాగ్ పక్కనే ఉంచుకుంటారు. ఇంటికొచ్చి సూది వేసేవారి దగ్గర ఇవి ఉండవు. కాబట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈలోగా రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు.

మద్యం తాగినా, నిద్రమాత్రలు, ట్రమడాల్ వంటి నొప్పి మందులు వేసుకున్నా డాక్టర్‌కు ముందే చెప్పండి. ఇవన్నీ తోడైతే శ్వాస ఆగిపోయే ప్రమాదముంది. తరచూ ఫిట్స్ వస్తుంటే, ఇంట్లో వాడుకునే మిడజోలామ్ ముక్కు స్ప్రే గురించి డాక్టర్‌ను అడగండి.