దొంగ లేకయే మ్రోగు సైరను: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవములు

లింగంపల్లి రైలుస్టేషను చుట్టుప్రక్కల, చందానగరు మొదలుకొని నల్లగండ్ల, తెల్లాపూరుల దాక వెలసిన కాలనీలలో, ఇంటి దొంగల అలారమును గూర్చి ఒక పుకారు ఫోనునుండి ఫోనునకు ప్రాకుచున్నది. నడిరేయి ఎవరును లేకయే అలారము మ్రోగినచో, వీధిలో దొంగలు జామరు చేతబట్టి నిలిచి దానిని పరీక్షించుచున్నారట. రెండవమారు మ్రోగినచో మఱునాటికి ఇల్లు గుల్లయగుట నిశ్చయమట. కావున తక్షణమే సైరను తీగ పెఱికి ప్యానెలును ఆపివేయుట క్షేమమట! దొంగ వచ్చునను భయముతో, దొంగను పట్టించు సాధనమునే మూగదానిని చేయుమను ఈ హితోపదేశమును దొంగలే వ్రాసి పంపిరేమో యని నాకు సందేహము.

నవ్వి యూరకుండదగిన మాటయే యైనచో ఇంత వ్రాయ నవసరము లేకుండెడిది. కాని వేలకు వేలు పోసి కొనిన అలారమును తామే ఆపి సంక్రాంతికి ఊరికి పోవువారును, సైరను వినబడినంతనే వీధిలో కనబడిన చిత్తుకాగితములవానినో, కొత్తగా చేరిన వాచ్‌మన్‌నో చెడ్డీ గ్యాంగను దొంగల ముఠా మనిషి యని చుట్టుముట్టువారును బయలుదేరినారు. ఫోనులో వచ్చినదెల్ల నమ్మిన ఫలమెట్లుండునో ఈ నగరమునకు తెలియనిది కాదు: 2018 మే నెలలో, పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకారు చాంద్రాయణగుట్టలో ఒక నిరపరాధి ప్రాణమును బలిగొన్నది, ఆ యేడే వాట్సాప్ సంస్థ మన దేశమున ఒక సందేశమును ఒక్కమారున ఐదింటికి మించి పంపకుండ కట్టడి చేయవలసి వచ్చినది.

జామరనగా, రేడియో తరంగముల నడుమ రొద పుట్టించి, తలుపుకడనున్న తీగలేని సెన్సారు పంపు వార్త ప్యానెలునకు చేరకుండ చేయు యంత్రము. అది చక్కగా పనిచేసినచో కలుగవలసినది నిశ్శబ్దము గాని మ్రోత కాదు. తరంగములకు అడ్డు తగిలినదని కనిపెట్టి కేకవేయు మేలిరకపు ప్యానెళ్లు కొన్ని లేకపోలేదు. అవి మ్రోగుట వాని ఓటమి కాదు, గెలుపు. తీగలతో అమర్చిన సెన్సారులనైతే జామరు తాకనే తాకదు. ప్రైవేటు వ్యక్తులు జామరు వాడుట చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022లో మరల ప్రకటించినది. దొంగకు చట్టభీతి యుండదనుట నిజమే గాని, ఇల్లు దోచుకొనదలచినవాడు ముందునాడే వచ్చి వీధినెల్ల నిద్రలేపి పోవునని నమ్ముటకు ఎంతటి విశ్వాసము కావలెను! ఒకవేళ అంతటి కపటియే యున్నాడనుకొందము. వాడు కోరునది మీరు విసిగి సైరను తీగ పెఱుకుటయే గదా?

మఱి కారణము లేక మ్రోగుట యేల? 1853లో అమెరికాలో అగస్టస్ రస్సెల్ పోప్ పేటెంటు పొందిన తొలినాటి విద్యుత్తు అలారమున, తలుపు తెరచినపుడు విద్యుద్వలయము పూర్తియై గంట మ్రోగెడిది. అందు తీగ తెగినచో గంట మౌనము వహించును. నేటి తీగల వ్యవస్థలు ఇందుకు విపరీతముగా, వలయము నిరంతరము మూసియుండునట్లును, ఎలుక కొఱికినను, కొన తుప్పు పట్టినను, స్క్రూ వదులైనను వెంటనే అరచునట్లును ఏర్పరుపబడినవి. అనగా, జబ్బుచేసినప్పుడు ఊరకుండక మ్రోగుట దానికి మనము కోరి నేర్పిన గుణమే.

ఆ జబ్బులలో తఱచైనది బ్యాటరీది. చాల ఇండ్ల ప్యానెలు పెట్టెలలో నుండునది 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల సీల్డు సీసపు బ్యాటరీ. దాదాపు 13.6 వోల్టుల వద్ద రేయింబవళ్లు చార్జింగులోనే యుండి, 25 డిగ్రీల వేడిమిలో మూడు నుండి ఐదేండ్లు బ్రదుకవలసిన ఆ వస్తువును మనవారు మే నెలలో కొలిమివలె కాగు అటకపై ఎక్కింతురు. వేడిమి పది డిగ్రీలు పెరిగిన కొలది దాని ఆయుర్దాయము సుమారు సగమునకు తరుగును. కరెంటున్నంత కాలము ఆ మరణము బయటపడదు. పచ్చదీపము వెలుగుచునే యుండును, కీప్యాడు పలుకుచునే యుండును. ఈదురుగాలికి ఫీడరు ట్రిప్పైన రాత్రి మాత్రము ప్యానెలు ఒక్కసారిగా ఆరిపోవును. వెలుపలి సైరనులు కొన్నిటికి సొంత బ్యాటరీ కలదు; ప్యానెలునుండి రావలసిన వోల్టేజి ఆగినచో ఎవరో తీగ కోసిరని యెంచి అవి తమంతట తామే మ్రోగును. అంతలో అపార్టుమెంటు జనరేటరు అందుకొనును, ప్యానెలు మేల్కొనును, మేల్కొనిన తొలి నిమిషమున ఇంకను కుదుటపడని, కదలికను కనిపెట్టు పి.ఐ.ఆర్. సెన్సారు లేని మనిషిని ఉన్నాడనును, సైరను మరల అందుకొనును. సందేశము వ్రాసిన మహాశయుడు భయపెట్టిన ఆ రెండవ మ్రోత ఇదియే: వచ్చినది దొంగ కాదు, జనరేటరు.

దీనిని తేల్చుకొనుటకు మాంత్రికుడక్కరలేదు. ఏ జోను, అనగా ఇంటి ఏ భాగపు సెన్సారు, ఎన్ని గంటలకు మ్రోగినదో చాల ప్యానెళ్లు తమ జ్ఞాపకములో దాచుకొనును; ఆ వేళను కరెంటు పోయిన వేళతో సరిపోల్చిన చాలును. రెండును కలిసినచో బ్యాటరీని శంకింపుడు. మీటరు 12.6 వోల్టులు చూపుచున్నది గనుక బ్యాటరీ దివ్యముగా నున్నదని వాదించువారు గలరు. లోడు లేని వేళ చచ్చిన బ్యాటరీయు ఆ అంకెను చూపగలదు. అడాప్టరు తీసివేసి, సైరను మ్రోగించి, వోల్టేజి నిలుచునో కూలునో చూచుటయే పరీక్ష. అట్లుగాక ప్రతిమారును ఒకే జోను పేరు కనబడుచున్నచో తప్పు అక్కడనే యున్నది: వానకాలమున ఉబ్బి సరిగా మూతపడని టేకు తలుపు, దానితోపాటు రీడ్ స్విచ్చికి దూరమైన అయస్కాంతము, ఇట్టివే.

బల్లి మ్రోగించినదని ఇంటి పెద్దలనగా చదువుకొన్న పిల్లలు నవ్వుదురు. బల్లిపాటు ఫలములపై నాకు నమ్మకము లేదు. అయినను ఈ ఒక్క విషయమున, అయిష్టముగానే, పెద్దల పక్షము వహింపక తప్పుటలేదు. పి.ఐ.ఆర్. సెన్సారు చూచునది మనిషిని కాదు, తన యెదుట కదలు వేడిమి తేడాను. దూరపు గోడపై ప్రాకు బల్లి, గోడతో సమానమైన వేడిమి గలదగుటచే, దానికి కనబడదు. కాని పురుగులకై వచ్చి సెన్సారు లెన్సు మీదనే నడచినచో ఆ చిన్న ప్రాణి దాని చూపునెల్ల కప్పివేయును, అలారము మ్రోగును. పెట్టె వెనుక తీగ దూరు రంధ్రమున చీమలు చేరినను ఇంతే. ఆ రంధ్రమును సిలికానుతో మూసి, లెన్సును మెత్తని గుడ్డతో తుడిచిన చాలును, శాంతి చేయింపనక్కరలేదు.

తక్కినవి ఒక్కొక్క వాక్యమునకు మించి విలువ చేయవు. పడకగది మూలనున్న మామూలు పి.ఐ.ఆర్. సెన్సారు ఫోటోలు తీయదు, దానిపై తువ్వాలు కప్పకుడు. అలారము పెట్టెలో ఏ సిమ్మైనను చెల్లుననుట తప్పు: 2జి మాత్రమే యెరిగిన ప్యానెలులో జియో సిమ్ము వేసినను, రీచార్జి గడువు తీరిన సిమ్మును వదలినను మీకు ఫోను రాదు. పట్టాల ప్రక్క ఇండ్లలో కిటికీ కంపన సెన్సారు రైలు పోవునపుడు, లేదా సమీపమున పునాదులకు బండ పేల్చునపుడు మ్రోగినచో అది దయ్యము కాదు, సున్నితత్వము తగ్గింపవలెను.

ఊరికి పోవుటకు వారము ముందే పైన చెప్పిన బ్యాటరీ పరీక్ష జరిపి, నాలుగేండ్లు దాటిన బ్యాటరీని అది పలికినను సరే మార్పించి, పాతదానిని దుకాణమువానికే అప్పగింపుడు. రిమోటు కొనునపుడు ప్రతి నొక్కునకు కోడు మారు రకమును అడిగి తీసికొనుడు. ఏనాడును మారని కోడును గాలిలో పట్టి మరల పలికించుట జామరు మోయుటకన్న సులభము. 230 వోల్టుల వైపు మీరు వేలు పెట్టక ఎలక్ట్రీషియనును పిలువుడు. పండుగలకు ఇల్లు తాళము వేసి పోవునపుడు ఠాణాలో తెలుపుడని పోలీసువారు కోరుచునే యున్నారు గనుక, ఆ పనియు చేసి, అలారము ఆపు విధమును పొరుగింటివారిలో నమ్మకమైన ఒకరికి చూపి పొండు. కోడు మాత్రము బిగించిననాటి 1234 గానే యున్నచో ముందు దానిని మార్చుడు. మార్చిన కోడును చీటిపై వ్రాసి కీప్యాడు క్రిందనే అంటింపకుడు.