కనగర్త మొప్పచాటున

కనగర్తల మొప్ప మూత ఎత్తితే ఒక్కోసారి లోపల పాలిపోయిన రంగులో, కాళ్ళతో గట్టిగా పట్టుకుని ఉన్న జీవి కనిపిస్తుంది. చేపకు పురుగు పట్టిందని కొందరు భయపడి పారేస్తారు. అది పురుగు కాదు, రొయ్యకూ పీతకూ చుట్టం. మనుషులకు పట్టదు. చేప తాజాగా ఉంటే దాన్ని తీసేసి, శుభ్రంగా కడిగి వండుకోవచ్చు.

దాన్ని గుర్తించాలంటే ముందు కాళ్ళు లెక్కపెట్టాలి. ఏడు జతలుండి, ప్రతి కాలి కొసా కొక్కెంలా వంగి ఉంటే అది ఐసోపాడ్లు అనే వర్గంలోని సైమోథోయిడే కుటుంబానిది. అందులో 300కు పైగా జాతులున్నాయి. చెరువుల్లో బొచ్చెకూ శీలావతికీ పట్టే ఆర్గులస్‌నూ వీటిలాగే చేప పేను అనే అంటారు గానీ అది వేరే వర్గం. బిళ్ళలా పలచగా ఉండి, కింద రెండు గుండ్రటి పీల్చుడు అవయవాలతో అంటుకుంటుంది. వెనక రెండు గుడ్ల పోగులు వేలాడుతుంటే అది కోపిపాడ్ అనే మరో వర్గపు ఆడది.

ఆ తర్వాత చూడాల్సింది అది చేపలో ఎక్కడుందన్నది. సైమోథోయిడే కుటుంబంలోని నెరోసిలా ప్రజాతి చర్మం మీద, రెక్కల దగ్గర ఉంటుంది. సైమోథోవా నోట్లో చేరుతుంది. కనగర్త మొప్పలో తరచుగా దొరికేది నోరిలెకా ఇండికా. ఆ ఇరుకులో పెరగడంతో ఆడదాని ఒళ్ళు ఒక పక్కకు మెలిదిరిగి ఉంటుంది. 1840లో మిల్నె ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త దీన్ని లివోనెకా ప్రజాతిలో పెట్టాడు. 1990లో బ్రూస్ అనే మరో శాస్త్రవేత్త నోరిలెకా అనే కొత్త ప్రజాతి ఏర్పరచి అందులోకి మార్చాడు. చేప పేరూ తప్పకుండా రాసుకోవాలి. కనగర్త శాస్త్రీయ నామంలోని ‘కనగుర్త’ విశాఖ తీరం నుంచే వెళ్ళింది. అక్కడి చేపల మీద పాట్రిక్ రస్సెల్ 1803లో వేసిన పుస్తకం దానికి ఆధారం.

ఇంత తెలిసినా ఒక్క ఫొటో చూసి జాతి పేరు చెప్పేయడం తొందరపాటే. తల్లి పొట్ట కింది సంచిలోంచి బయటికొచ్చే పిల్లకు ఆరు జతల కాళ్ళే ఉంటాయి. అది ఈదుకుంటూ వెళ్ళి చేపను పట్టుకుని, ముందు మగదిగా ఎదిగి, తర్వాత ఆడదిగా మారుతుంది. ఒకే జాతి మూడు వయసుల్లో మూడు రకాలుగా కనబడుతుందన్నమాట. దానికితోడు చోటును బట్టి ఒళ్ళూ వంకర తిరుగుతుంది. ఒకే జాతికి పాత గ్రంథాల్లో రెండు మూడు పేర్లు పడటానికి ఇదో పెద్ద కారణం. అందుకే వర్గీకరణ చేసేవాళ్ళు ఎదిగిన ఆడదాన్ని ఆధారంగా తీసుకుని చిన్న చిన్న భాగాలు పరిశీలిస్తారు. నోట్లో ఉండే వాటిలో తల ముందరి చిన్న మీసాల మొదళ్ళు ఒకదానికొకటి తగులుతుంటే సెరటోథోవా, ఎడంగా ఉంటే సైమోథోవా.

ఫోన్లలో తిరిగే వీడియోల్లో ఇలాంటి ప్రతిదాన్నీ ‘నాలుక తినే జీవి’ అంటున్నారు. ఆ పేరు తెచ్చుకున్నది సైమోథోవా ఎగ్జిగువా. అది నాలుకను కృశింపజేసి ఆ స్థానంలో తానే కూర్చుంటుందని 1983లో బ్రస్కా, గిల్లిగన్ అనే పరిశోధకులు కాలిఫోర్నియా సింధుశాఖ చేపల్లో చూసి రాశారు. మన కనగర్త మొప్పలో ఉన్నది నాలుక జోలికి పోదు, మొప్పలను ఒత్తి, గాయపరిచి చేపకు ఊపిరి కష్టం చేస్తుంది.

గుర్తింపు కోసం దాచాలనుకుంటే దాన్ని లాగి పీకకండి, కొక్కేల కాళ్ళు తెగిపోతాయి. మొప్పతో సహా కోసి, పక్కన చిన్న మగది ఉంటే దాన్ని కూడా కలిపి ఆల్కహాల్‌లో వేయండి. ఫార్మలిన్‌లో ఆకారం నిలుస్తుంది గానీ డీఎన్‌ఏ దెబ్బతింటుంది.