పాత ప్లాస్టిక్ ఆటబొమ్మల సేకరణ, గుర్తింపు: కంది – పటాన్‌చెరు పరిసరాల దృష్ట్యా పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు ఇళ్లలో అటకల మీద, కొలువు పెట్టెల్లో మిగిలిన పాత ప్లాస్టిక్ ఆటబొమ్మలు ఇరవయ్యో శతాబ్దపు గృహజీవితానికి భౌతిక సాక్ష్యాలు. ఒక బొమ్మను గుర్తించడమంటే దాని పదార్థాన్ని, తయారీ పద్ధతిని, కాలాన్ని వేర్వేరుగా నిర్ణయించడం. ఈ మూడింటిలో పదార్థ నిర్ణయమే ముందు జరగాలని, బొమ్మ భద్రత దానిపైనే ఆధారపడి ఉంటుందని ఈ వ్యాసం వివరిస్తుంది. పెట్టెల మీది చిరునామాల ద్వారా కాలనిర్ణయం చేసే తీరును సంగారెడ్డి ప్రాంతపు ఉదాహరణలతో చూపుతుంది.

కీలక పదాలు: ప్లాస్టిక్ ఆటబొమ్మలు, బొమ్మల కొలువు, సెల్యులాయిడ్, కాలనిర్ణయం, భౌతిక సంస్కృతి, సంగారెడ్డి.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట బొమ్మల అధ్యయనం అనగానే నిర్మల్, కొండపల్లి, ఏటికొప్పాక గుర్తుకు వస్తాయి. కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు కర్ర, లక్క ఆధారమని పరిశోధకులకు తెలుసు. కర్ర పేరు చెప్పకుండా ఆ బొమ్మలను వర్ణించడం అసంపూర్ణమని అందరూ అంగీకరిస్తారు. ప్లాస్టిక్ బొమ్మ విషయంలో మాత్రం ‘ప్లాస్టిక్’ అన్న ఒక్క మాటతో వర్ణన ముగుస్తుంది. నిజానికి ఆ మాట కింద పరస్పరం పొసగని అరడజను పదార్థాలున్నాయి. వాటిలో కొన్ని వందేళ్లు నిలుస్తాయి. కొన్ని తాము శిథిలమవుతూ పక్కనున్న వస్తువులను కూడా పాడుచేస్తాయి.

సంక్రాంతికి, కొన్ని కుటుంబాల్లో దసరాకు పెట్టే బొమ్మల కొలువు ఒక విధంగా గృహ సంగ్రహాలయం. ఏటా పెట్టెలోంచి తీసి, తుడిచి, మెట్ల మీద అమర్చి, తిరిగి భద్రపరచే ఆచారం వల్ల మామూలుగా పిల్లల చేతుల్లో విరిగిపోవలసిన బొమ్మలు తరాల పాటు మిగిలాయి. మట్టి దేవతామూర్తుల పక్కన ప్లాస్టిక్ సిపాయిలు, జంతువులు, క్రికెట్ ఆటగాళ్లు నిలబడడం కొలువులో అసహజం కాదు. కొలువు ఎన్నడూ పదార్థాన్ని బట్టి బొమ్మను వెలివేయలేదు.

2. సేకరణ స్థానాలు

కంది, పటాన్‌చెరు, రామచంద్రాపురం పరిసరాలు ఇటువంటి సేకరణకు అనువైనవి. భెల్, 1972లో ఏర్పడిన ఇక్రిశాట్, ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, పటాన్‌చెరు – పాశమైలారం – బొల్లారం పారిశ్రామికవాడలు పలు జిల్లాల, పలు రాష్ట్రాల కుటుంబాలను ఇక్కడికి రప్పించాయి. ఉద్యోగంతో పాటు ఇంటి సామాను కూడా వచ్చింది. కాబట్టి ఇక్కడి ఒక ఇంటి పెట్టెలో దొరికిన బొమ్మ ఇక్కడే కొన్నదని భావించడం పొరపాటు. కొన్న ఊరు, తెచ్చిన మనిషి, ఇచ్చిన సందర్భం అడిగి నమోదు చేయాలి.

ఇళ్ల తర్వాత చూడవలసినవి జాతరలు, పాత సామాన్ల అంగళ్లు. ఝరాసంగం, ఏడుపాయల వంటి జాతరల్లో బొమ్మల దుకాణాలు తప్పనిసరి. ఎర్రగడ్డ ఆదివారం అంగడి వంటి చోట్ల విడి బొమ్మలు పోగులుగా వస్తాయి. పోగులో దొరికిన బొమ్మకు రూపం ఉంటుంది కానీ చరిత్ర ఉండదు. ఇంట్లో దొరికిన సాధారణమైన బొమ్మ, అంగట్లో దొరికిన అరుదైన బొమ్మకన్నా పరిశోధకునికి ఎక్కువ చెప్పగలదు.

3. పదార్థ నిర్ణయం

సేకర్తకు ఎదురయ్యే ప్రధాన పదార్థాలు ఇవి.

3.1 సెల్యులాయిడ్: సెల్యులోజ్ నైట్రేట్‌కు కర్పూరం కలిపి చేసినది. పంతొమ్మిదో శతాబ్ది చివరి నుంచి బొమ్మల తయారీలో వాడుకలో ఉంది. రెండు ప్రపంచయుద్ధాల మధ్య జపాన్ దీనితో విరివిగా బొమ్మలు చేసి ఎగుమతి చేసింది. బొమ్మ పలుచగా, తేలికగా, లోపల బోలుగా ఉంటుంది. గోరువెచ్చని వేలితో రుద్దితే సన్నగా కర్పూరపు వాసన రావచ్చు. ఇది అతి త్వరగా అంటుకునే పదార్థం.

3.2 సెల్యులోజ్ ఎసిటేట్: సెల్యులాయిడ్‌కు నిప్పు భయం లేని ప్రత్యామ్నాయంగా వచ్చింది. శిథిలమవుతున్నప్పుడు వెనిగర్ వంటి పులుపు వాసన వస్తుంది. బొమ్మ వంకర తిరుగుతుంది.

3.3 పాలీస్టైరీన్: గట్టిగా, పెళుసుగా ఉంటుంది. గట్టి తలం మీద తట్టితే లోహం వలె టంగుమంటుంది. భారతదేశంలో దీని ఉత్పత్తి 1957లో బొంబాయిలో మొదలైంది.

3.4 పాలిథిలీన్: మైనం తాకినట్లుంటుంది, గోటికి కాస్త లొంగుతుంది. రంగు దీనికి గట్టిగా పట్టదు కాబట్టి పాత సిపాయి బొమ్మల మీది రంగు పెచ్చులుగా రాలి ఉంటుంది. మన దేశంలో 1959లో పశ్చిమ బెంగాల్‌లోని రిష్రాలో ఉత్పత్తి ఆరంభమైంది.

3.5 మెత్తని పీవీసీ: ఇళ్లలో ‘రబ్బరు బొమ్మ’ అని పిలిచేవాటిలో చాలా భాగం రబ్బరు కావు, ఇవే. మెత్తదనం కోసం కలిపిన ద్రవం కాలక్రమంలో పైకి చెమర్చి బొమ్మను జిగటగా మారుస్తుంది. దుమ్ము దానికి అంటుకుంటుంది. జాబితాలో ఇంటివారు పిలిచే పేరును, పదార్థపు పేరును వేర్వేరు గడుల్లో రాయడం ఇందుకే అవసరం.

వీటిని వేరుచేయడానికి చూపు, స్పర్శ, ధ్వని, వాసన మొదటి సాధనాలు. ఆ తర్వాతిది సాంద్రత. పాలిథిలీన్, పాలీప్రొపిలీన్ నీటిలో తేలుతాయి. పాలీస్టైరీన్ మంచినీటిలో మునిగి, ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీటిలో తేలుతుంది. సెల్యులాయిడ్ ఆ ఉప్పునీటిలో కూడా మునుగుతుంది. అయితే బోలు బొమ్మలో గాలి చిక్కి ఫలితాన్ని తారుమారు చేస్తుంది. అందువల్ల పరీక్ష అప్పటికే విరిగి పడిన ముక్కతోనే చేయాలి. బొమ్మనుంచి కొత్తగా ముక్క తీయరాదు.

కాల్చి వాసన చూసే పద్ధతి ప్లాస్టిక్ పరిశ్రమలో వాడుకలో ఉన్నా బొమ్మల సేకరణలో పూర్తిగా వర్జ్యం. సెల్యులాయిడ్ అయితే భగ్గుమంటుంది. పీవీసీ అయితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగ వస్తుంది. సందేహం తీరనప్పుడు పరారుణ వర్ణపటమాపనం, రామన్ వర్ణపటమాపనం వస్తువుకు హాని లేకుండా పదార్థాన్ని చెప్పగలవు. 2008లో ఎద్దుమైలారంలో తాత్కాలికంగా మొదలై తర్వాత కందికి తరలిన ఐఐటీ హైదరాబాద్‌లో వారసత్వ విజ్ఞాన, సాంకేతిక విభాగం ఉంది. మానవీయ శాస్త్రాల పరిశోధకులకు, పదార్థ శాస్త్రవేత్తలకు మధ్య ఇటువంటి ప్రశ్నల మీద సహకారం ఈ ప్రాంతంలో సుసాధ్యం.

4. అచ్చు చెప్పే సాక్ష్యం

తయారీ పద్ధతి బొమ్మ ఒంటి మీదే రాసి ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో అచ్చులోకి ఎక్కించిన బొమ్మకు రెండు అచ్చు ముక్కలు కలిసిన చోట సన్నని గీత, ప్లాస్టిక్ లోపలికి ప్రవేశించిన చోట తుంచిన మచ్చ, బొమ్మను బయటికి నెట్టిన కడ్డీల గుండ్రని గుర్తులు ఉంటాయి. మెత్తబడిన ప్లాస్టిక్ గొట్టంలోకి గాలి ఊది చేసిన బొమ్మ బోలుగా ఉండి, అడుగున నొక్కి మూసిన అతుకు కనిపిస్తుంది. తిరిగే అచ్చులో చేసిన మెత్తని పీవీసీ బొమ్మ తలకు అతుకు గీత దాదాపు కనబడదు.

ఇక్కడ జాగ్రత్త వహించవలసిన అంశం ఒకటుంది. బొమ్మ మీద అచ్చయిన సంవత్సరం తరచు రూపకల్పన హక్కుకు చెందిన సంవత్సరమే తప్ప ఆ బొమ్మ తయారైన సంవత్సరం కాదు. 1987లో స్థాపితమైన ఫన్‌స్కూల్ సంస్థ అమెరికా సంస్థ హాస్బ్రో అచ్చులతో జి.ఐ.జో బొమ్మలను భారతదేశంలో తయారుచేసింది. అమెరికాలో ఆ శ్రేణి 1994లో ఆగిన తర్వాత కూడా ఇక్కడి తయారీ కొనసాగింది. మాతృకలో లేని రంగుల కలయికల వల్ల ఆ భారతీయ బొమ్మలను నేడు విదేశీ సేకర్తలు ప్రత్యేకంగా వెతుకుతారు. అచ్చు వయస్సు, బొమ్మ వయస్సు వేరు. తాళపత్రం మీది గ్రంథం వయస్సు, ఆ ప్రతి వయస్సు వేరైనట్లే.

5. పెట్టె, చీటీ, ముద్ర

కాలనిర్ణయానికి బొమ్మకన్నా దాని పెట్టె ఎక్కువ ఉపకరిస్తుంది. గమనించదగిన ఆధారాలు:

‘ఆక్యుపైడ్ జపాన్’ అన్న ముద్ర రెండో ప్రపంచయుద్ధానంతర ఆక్రమణ కాలానికి చెందింది. ఆ ఆక్రమణ 1952లో ముగిసింది. ‘ఎంపైర్ మేడ్’ అన్నది ముఖ్యంగా 1950, 60 దశకాల హాంకాంగ్ సరుకు మీద కనిపిస్తుంది. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే పెట్టె 1972 ఆగస్టు 15 తర్వాతిది. ‘ముంబై’ 1995 తర్వాత, ‘చెన్నై’ 1996 తర్వాత అధికారిక నామాలు. వినియోగ వస్తువుల దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు 2001 ఏప్రిల్‌తో తొలగాయి. అంతకుముందు ఇళ్లకు చేరిన విదేశీ బొమ్మల వెనుక తరచు ప్రయాణికులో, గల్ఫ్ నుంచి వచ్చిన బంధువులో ఉంటారు. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి అయింది. నమోదైన చేతివృత్తి కళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు ఇందులో మినహాయింపు ఉంది.

సంగారెడ్డి ప్రాంతపు చిరునామాలే చక్కని కాలమానిని. పటాన్‌చెరు చిరునామాలో ‘మెదక్ జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అని ఉంటే ఆ చీటీ రూపం 2014 జూన్ 2కు ముందుది. ‘మెదక్ జిల్లా, తెలంగాణ’ అని ఉంటే రాష్ట్రావిర్భావం తర్వాతిది. ‘సంగారెడ్డి జిల్లా’ అని ఉంటే 2016 అక్టోబరు 11న జిల్లా ఏర్పడిన తర్వాతిది.

ఈ ఆధారాల బలం సమానం కాదు. కొత్త పేరు కనిపిస్తే ‘అంతకుముందుది కాదు’ అని నిశ్చయంగా చెప్పవచ్చు. పాత పేరు కనిపిస్తే ‘ఆ తర్వాతిది కాదు’ అని చెప్పలేం. ముందే ముద్రించిన పెట్టెలను నిల్వ అయిపోయేదాకా వాడడం సహజం. పైగా ఒక బొమ్మ పెట్టెలో మరో బొమ్మను దాచడం ఇళ్లలో మామూలే. పెట్టె సాక్ష్యం బొమ్మకు వర్తించాలంటే కొలత, పెట్టె మీది చిత్రం, బొమ్మ రూపం కలవాలి.

6. భద్రత: పొరపాటుకు మూల్యం

ఇంటి పద్ధతిలో పాత బొమ్మలన్నీ ఒకే ట్రంకు పెట్టెలో, కలరా ఉండలు వేసి, అటక మీద పెడతారు. కర్ర, గుడ్డ బొమ్మలను పురుగు నుంచి కాపాడే ఈ పద్ధతి ప్లాస్టిక్‌కు హాని చేస్తుంది. కలరా ఉండల ఆవిరి పాలీస్టైరీన్‌ను మెత్తబరచగలదు. మెత్తని పీవీసీ నుంచి చెమర్చిన ద్రవం తనను తాకిన పాలీస్టైరీన్ బొమ్మను కరిగించి అతుక్కుంటుంది. శిథిలమవుతున్న సెల్యులాయిడ్ విడిచే ఆమ్ల వాయువులు పెట్టెలోని లోహాన్ని, కాగితాన్ని తినివేస్తాయి. స్లాబు కింద అటక మీది వేసవి వేడి ఈ చర్యలన్నిటినీ వేగిరపరుస్తుంది. పాత పాలిథిలీన్ సిపాయిలు ఎండకు, వేడికి పెళుసెక్కి తాకగానే విరగడం సేకర్తలకు సుపరిచితమే.

పదార్థాన్ని బట్టి రక్షణ కూడా మారుతుంది. సెల్యులాయిడ్‌కు గాలి ఆడాలి, అది మిగతా వాటికి దూరంగా ఉండాలి. పీవీసీని గాజుపాత్రలో మూసి ఉంచడం మేలు, లోపలి ద్రవం ఆవిరై పోవడం తగ్గుతుంది. ఒకదానికి మందైనది మరొకదానికి విషమవుతుంది. ఏ బొమ్మనైనా స్పిరిటుతో, రంగు తొలగించే ద్రావణాలతో తుడవరాదు. వెలుతురు, వేడి తక్కువగా ఉన్న గది అన్నింటికీ శ్రేయస్కరం.

7. నమోదు విధానం

ప్రతి బొమ్మకు ఒక పత్రం ఉండాలి. అందులో వరుస సంఖ్య, ఇంటి పేరు, ఎత్తు, బరువు, రంగులు, పదార్థం, తయారీ పద్ధతి, ముద్రల యథాతథ పాఠం, పెట్టె మీది పాఠం, సేకరించిన చోటు, ఇంటివారు చెప్పిన కథనం, ప్రస్తుత స్థితి నమోదు కావాలి. పదార్థం, కాలం గడుల పక్కన నిర్ణయానికి ఆధారం రాసి, దానిని ‘నిశ్చితం, సంభావ్యం, ఊహ’ అన్న మూడింటిలో ఒకటిగా వర్గీకరించాలి. ఊహను ఊహగా రాసిన పత్రం తర్వాతి పరిశోధకునికి పనికివస్తుంది. నిశ్చయంగా రాసిన ఊహ అతణ్ణి దారి తప్పిస్తుంది. కుటుంబం చెప్పిన తేదీ, వస్తువు చెప్పే తేదీ విభేదిస్తే రెండింటినీ ఉంచాలి. ఆ విభేదమే కొన్నిసార్లు పరిశోధనాంశం అవుతుంది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ‘ప్లాస్టిక్’ అన్నది పదార్థ వర్ణన కాదు. కర్ర బొమ్మకు కర్ర పేరు ఎంత అవసరమో ప్లాస్టిక్ బొమ్మకు పాలిమర్ పేరు అంత అవసరం.

2. పదార్థం, అచ్చు, బొమ్మ, పెట్టె – ఈ నాలుగింటి కాలాలు వేరు కావచ్చు. ఒకదాని తేదీని మరొకదానికి అంటగట్టరాదు.

3. పెట్టె మీది స్థలనామాలు, పిన్‌కోడ్, ముద్రలు కాలపు ముందు హద్దును బలంగా చెబుతాయి, వెనుక హద్దును బలహీనంగా చెబుతాయి.

4. కర్ర బొమ్మలకు తగిన గృహ రక్షణ పద్ధతులు ప్లాస్టిక్ బొమ్మలకు హానికరం. గుర్తింపు ఆలస్యమైతే గుర్తించవలసిన వస్తువే మిగలకపోవచ్చు.

ప్లాస్టిక్ చిరకాలం నశించదన్నది పర్యావరణం విషయంలో నిజమే. అటక మీది బొమ్మ విషయంలో అది నిజం కాదు. నేలలో కలవని పదార్థమే పెట్టెలో రూపం కోల్పోతుంది. జానపద, భౌతిక సంస్కృతి అధ్యయన శాఖలు కొలువు పెట్టెలను తెరిపించి, ఒక్కో బొమ్మకు ఒక్కో పత్రం రాయించే పని చేపట్టవలసిన తరుణమిది. ఆ బొమ్మలతో ఆడుకున్నవారు, వాటిని కొన్నచోటు చెప్పగలిగినవారు ఇంకా ఆ ఇళ్లలోనే ఉన్నారు.