బండి అమ్మేశారు సరే, ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది?

పాత ఫోన్ అమ్మేముందు మనం ఏం చేస్తాం? గూగుల్ అకౌంట్ తీసేసి రీసెట్ కొడతాం. పదివేల ఫోన్‌కి ఇంత జాగ్రత్తపడే మనమే, బండి అమ్మేటప్పుడు మాత్రం ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, తాళంచెవి ఇచ్చేసి, డబ్బులు తీసుకుని వచ్చేస్తాం.

మా ఇంట్లో అదే జరిగింది. మాది ఇటిక్యాల. నాన్న తన పాత బైక్‌ని తెలిసినాయనకి అమ్మేశాడు. రెండేళ్ల తర్వాత నాన్న ఫోన్‌కి చలాన్ మెసేజ్‌లు మొదలయ్యాయి. హెల్మెట్ లేదు, ట్రిపుల్ రైడింగ్... "పైసలొచ్చినయ్, కాయితాల మీద సంతకం పెట్టిచ్చిన, ఇంక నాకేం సంబంధం?" అన్నాడు నాన్న. కొన్నాయనకి ఫోన్ చేస్తే బండి ఆయన దగ్గర కూడా లేదు, ఇంకొకరికి అమ్మేశాడట. చలాన్లంటే కట్టేస్తాం. అదే బండి ఎవరినైనా గుద్దితే? ఆ భయంతోనే కూర్చుని రూల్స్ చదివాను.

అసలు ఓనర్ ఎవరు?

అమెరికాలో ఉన్న మనవాళ్లు కార్ 'టైటిల్' అంటుంటారు. అక్కడ ఓనర్‌షిప్‌కి టైటిల్ వేరు, రిజిస్ట్రేషన్ వేరు. మన దగ్గర అన్నిటికీ ఆర్‌సీనే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉందో వాళ్లే ఓనర్.

నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో ఓ కారు 2007లో అమ్ముడై, చేతులు మారుతూ పోయింది. 2009లో యాక్సిడెంట్ చేసింది. ఆర్‌సీ మాత్రం మొదటి ఓనర్ పేరు మీదే ఉంది. పరిహారం బాధ్యత ఆయనదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే సేల్ లెటర్ ఒక్కటే మనల్ని కాపాడదు.

ఎన్ని రోజుల్లో చేయాలి?

సెక్షన్ 50 ప్రకారం, అమ్మినవాళ్లు రాష్ట్రంలోపల అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అయితే 45 రోజుల్లో రిజిస్టరింగ్ అథారిటీకి తెలియజేయాలి. కొన్నవాళ్లకి 30 రోజులు టైమ్ ఉంటుంది.

కావాల్సినవి ఇవి:

• ఫారం 29: అమ్మిన సంగతి తెలిపేది
• ఫారం 30: పేరు మార్పు అప్లికేషన్, ఇద్దరి సంతకాలతో
• ఒరిజినల్ ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, అడ్రస్ ప్రూఫ్
• లోన్ ఉండి తీరిపోతే ఫారం 35, బ్యాంక్ ఎన్‌ఓసీ
• ఓనర్ చనిపోతే వారసులకి ఫారం 31

తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో స్లాట్ బుక్ చేసుకుని ఆర్‌టీఏ ఆఫీసుకి వెళ్లాలి. మాకైతే గద్వాల. కేంద్ర నిబంధనల్లో ట్రాన్స్‌ఫర్ ఫీజు రిజిస్ట్రేషన్ ఫీజులో సగం. సర్వీస్ చార్జీలు, కార్డు ఖర్చు దీనికి అదనం.

బార్డర్ దగ్గర ఉండేవాళ్లకి

మా దగ్గర్నుంచి ఎన్‌హెచ్ 44 మీద తుంగభద్ర దాటితే కర్నూలు, ఇటు పోతే రాయచూరు. అక్కడ బండ్లు చవగ్గా దొరుకుతాయని చాలామంది కొంటారు. కానీ వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే కొత్త నంబర్ తీసుకోవాలి. దానికి అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బేరం ఆడేటప్పుడే ఈ ఖర్చు కలుపుకోండి. అన్నట్టు, ఏపీ 22 అని ఉన్న పాత బండి చూసి కంగారుపడకండి. అది ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్ కోడ్. ఇప్పుడు మన జిల్లాది టీజీ 33.

కొనేముందు చెక్ చేయండి

ఆర్‌సీ మీద హైపోథికేషన్ ఉందా? పెండింగ్ చలాన్లు ఎన్ని? ఛాసిస్ నంబర్ బండి మీద, ఆర్‌సీలో ఒకటేనా? సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే, ఎంత మిగిలింది? ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరుకి మార్చమని కంపెనీని అడగాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం అమ్మినవాళ్లదే, బండితో రాదు.

ఇప్పటికే అమ్మేసి వదిలేస్తే?

ముందు కొన్నవాళ్లని పట్టుకోండి. ఫారం 29 నింపి రిజిస్టరింగ్ అథారిటీకి ఇచ్చి, రసీదు దాచుకోండి. దీంతో ఆర్‌సీలో పేరు మారిపోదు, కానీ మీరు తెలియజేశారనడానికి రుజువు ఉంటుంది.

మేము మూడు ఫోన్ నంబర్లు మారి, చివరికి బండి నడుపుతున్నాయన్ని ఎర్రవల్లిలో పట్టుకున్నాం. పాత చలాన్లు సగం సగం కట్టుకుని, అందరం కలిసి గద్వాల పోయి పేరు మార్పించాం. ఒక పూట పని. అమ్మిన రోజే చేసుంటే రెండేళ్ల టెన్షన్ ఉండేది కాదు.

మీ ఇంట్లో అమ్మేసిన పాత బండి ఉంటే, ఈరోజే దాని నంబర్ కొట్టి ఎవరి పేరు వస్తుందో చూడండి.