తలుపులు తెరిచి ఉంచిన కంప్యూటర్

ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న బీబీసీ మైక్రో కంప్యూటర్ చేతికొస్తే ఎవరికైనా వెంటనే ప్లగ్గు పెట్టి స్విచ్ వేయాలనిపిస్తుంది. మరమ్మతు తెలిసినవాళ్లు మాత్రం ఆ పని చేయనివ్వరు. దాని పవర్ సప్లై డబ్బాలో, కరెంటు లోపలికి వచ్చే చోట, లేత పసుపు తొడుగుతో రెండు ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. తొడుగు లోపల ఉండేది లోహపు పూత పూసిన కాగితం. కాలం గడిచేకొద్దీ తొడుగు వెంట్రుకవాసి సన్నని బీటలు వారుతుంది. ఆ బీటల్లోంచి గాలిలోని తేమ కాగితానికి చేరుతుంది. స్విచ్ వేశాక కాసేపు అంతా బాగానే నడుస్తుంది. ఆ తర్వాత ఠప్పుమని శబ్దం, గది నిండా పొగ, ముక్కు పట్టుకోవాల్సినంత ఘాటు వాసన.

ఇంత జరిగినా చాలాసార్లు కంప్యూటర్ పనిచేస్తూనే ఉంటుంది. ఎందుకంటే ఆ కెపాసిటర్లు ఉన్నది కరెంటు తీగల్లో విద్యుత్ రొదను అణచడానికే. అయినా పని మొదలుపెట్టేది అక్కడి నుంచే. పాతవి తీసేసి, అదే విలువ ఉన్న ఎక్స్2 రకం కొత్తవి వేస్తారు. ప్లగ్గు తీసినా ఆ డబ్బాలో ఛార్జి మిగిలి ఉండొచ్చు కాబట్టి ఇది కొత్తవాళ్లు ఒంటరిగా చేయాల్సిన పని కాదు.

ఇంత శ్రమ దేనికంటే, ఈ యంత్రం పుట్టుక అలాంటిది. 1980ల ఆరంభంలో బ్రిటన్ ప్రజలకు కంప్యూటర్ నేర్పే టీవీ కార్యక్రమం కోసం బీబీసీ ఒక యంత్రాన్ని వెతుకుతోంది. కేంబ్రిడ్జ్‌లోని ఎకార్న్ అనే చిన్న కంపెనీకి నమూనా చూపించడానికి ఉన్న గడువు వారం కూడా లేదు. కంపెనీ స్థాపకుల్లో ఒకరైన హెర్మన్ హౌసర్ ఇద్దరు ఇంజనీర్లు, స్టీవ్ ఫర్బర్, సోఫీ విల్సన్‌లకు విడివిడిగా ఫోన్ చేశారు. ‘అయిపోతుందని అవతలివారు అంటున్నారు’ అని ఇద్దరికీ ఒకే మాట చెప్పి ఒప్పించారు. రాత్రింబవళ్లు కూర్చుని కట్టిన నమూనా బీబీసీ బృందం వచ్చే ముందు కొద్ది గంటల్లోనే ప్రాణం పోసుకుంది. 1981 డిసెంబరులో యంత్రం మార్కెట్లోకి వచ్చింది. 2 మెగాహెర్ట్జ్ 6502 ప్రాసెసర్, మోడల్ బి అయితే 32 కిలోబైట్ల మెమరీ. 12,000 అమ్ముడైతే చాలనుకున్నారు. చివరికి 15 లక్షలు దాటాయి.

ఆ హడావుడి గుర్తు ఒకటి బోర్డు మీద నేటికీ ఉంది. నమూనా బోర్డు మొండికేసినప్పుడు ఒక చోట వేలితో నొక్కితే పనిచేసేదని ఫర్బర్ తర్వాత చెప్పారు. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. దాంతో డేటా మార్గం మీద రెసిస్టర్ల గుత్తి ఒకటి అతికించి ‘ఇంజనీరు వేలు’ అని పేరు పెట్టుకున్నారు. అది అలాగే లక్షల యంత్రాల్లోకి వెళ్లింది.

మూత విప్పడం తేలిక. స్క్రూల దగ్గర ఇంగ్లిష్‌లో ‘ఫిక్స్’ అని రాసి ఉంటుంది. వెనక రెండు, అడుగున ముందువైపు రెండు. పైకప్పు లేస్తే మొత్తం బోర్డు కళ్లముందుంటుంది. ముఖ్యమైన చిప్‌లలో చాలావాటిని టంకం పెట్టి బిగించలేదు, సాకెట్లలో గుచ్చారు. అందుకే సగం రోగాలకు మందు ఒక్కటే: చిప్‌ను మెల్లగా పైకి లేపి, చిలుము పట్టిన కాళ్లు తుడిచి, మళ్లీ కూర్చోబెట్టడం.

రోగం ఎక్కడుందో చెవి చెబుతుంది. స్విచ్ వేయగానే ‘బూ’ అని మంద్రస్వరం, వెంటనే చిన్న ‘బీప్’ వినిపించాలి. మొదటిది ఎవరూ అడగకుండానే సౌండ్ చిప్ చేసే మోత. ప్రాసెసర్ మేల్కొని, రామ్ చూసుకుని, రోమ్‌లోని ప్రోగ్రాం చదివి ఆ మోతను ఆపాలి. రెండోది తన రాకను చెబుతూ అది కొట్టే గంట. ‘బూ’ ఆగకుండా సాగుతోందంటే ప్రాసెసర్ ఆ మెట్టు దాకా రాలేదని అర్థం. ‘బీప్’ వచ్చి, తెర మీద 32కె బదులు 16కె అని కనిపిస్తే మెమరీ చిప్‌లను అనుమానించాలి. ఏ పరికరమూ లేకుండా ఇంత తెలియడం నేటి లాప్‌టాప్‌లలో ఊహించలేం.

ఈ యంత్రం మన దేశానికీ వచ్చింది. 1984లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘క్లాస్’ పథకం కింద సుమారు 250 పాఠశాలల్లో పిల్లలకు కంప్యూటర్ పరిచయం చేసింది బీబీసీ మైక్రోయే. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ దాన్ని ‘ఎస్‌సీఎల్ యూనికార్న్’ పేరుతో తెచ్చింది. పాత బడుల స్టోర్ రూముల్లో అలాంటిది కనిపిస్తే తుక్కు కింద వేయకుండా ఆగడం మంచిది.

బతికించాక మార్పులు. తర్వాతి బోర్డుల మీద ఎస్39 అని రాసిన చోట రెండు బిందువులను కలిపితే, అప్పటిదాకా నలుపు తెలుపుల్లో వచ్చిన వీడియోకు రంగులొస్తాయి. అరిగిపోయిన ఫ్లాపీల బదులు, అడుగున ఉన్న యూజర్ పోర్టుకు మెమరీ కార్డు తగిలిస్తే వందల ప్రోగ్రాములు అందులో పడతాయి.

కానీ అసలు విశేషం ‘ట్యూబ్’. అది యంత్రం అడుగున ఉన్న నలభై పిన్నుల కనెక్టర్. ప్రాసెసర్ పాతబడుతుందని ముందే ఊహించి, బయట నుంచి రెండో ప్రాసెసర్ తగిలించడానికి ఎకార్న్ ఉంచిన తలుపు అది. కంపెనీ సొంత చిప్ తయారీకి దిగినప్పుడు దాని ఆదేశాల నమూనాను విల్సన్ బీబీసీ బేసిక్‌లోనే రాశారు. 1985 ఏప్రిల్ 26న తొలి ఆర్మ్ చిప్ వచ్చినప్పుడు దాన్ని పరీక్షించింది ట్యూబ్ ద్వారా బీబీసీ మైక్రోకు తగిలించే. ఎంత కరెంటు లాగుతోందో కొలవబోతే మీటరు సున్నా చూపించింది. చూస్తే చిప్‌కు కరెంటు తీగ కలవనేలేదు. పక్క పిన్నుల నుంచి కారిన కాస్త కరెంటుతోనే అది నడుస్తోంది! ఆ పొదుపే తర్వాత ఆర్మ్‌ను మొబైల్ ఫోన్లలోకి తీసుకెళ్లింది.

2012లో కేంబ్రిడ్జ్‌లోనే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ వచ్చింది. దాని గుండె ఆర్మ్. మోడల్ ఎ, మోడల్ బి అన్న పేర్లు బీబీసీ మైక్రోను తలచుకుంటూ పెట్టినవే. ఇప్పుడు ఔత్సాహికులు ఆ పైని ట్యూబ్‌కే తగిలిస్తున్నారు. పాత యంత్రంలో సంకేతాలు 5 వోల్టులు, పైలో 3.3 వోల్టులు కాబట్టి మధ్యలో వోల్టేజీ తగ్గించే చిన్న బోర్డు ఉండాలి. ఆపైన పై తనను 6502గానో, జెడ్80గానో, ఆర్మ్‌గానో చూపించుకుంటూ అసలుకన్నా ఎన్నో రెట్లు వేగంగా లెక్కలు చేసి ఇస్తుంది. తెర, కీబోర్డు, శబ్దం మాత్రం పాత యంత్రం చూసుకుంటుంది.

ఇలాంటి మార్పులతో యంత్రం పవిత్రత పోతుందనేవారున్నారు. డబ్బాకు రంధ్రాలు కొడితే ఆ మాట నిజమే. కానీ మెమరీ కార్డు, రాస్ప్‌బెర్రీ పై రెండూ ఇంజనీర్లు వదిలిన కనెక్టర్లకే తగులుతాయి, టంకం పని లేదు. పీకేస్తే 1980ల నాటి యంత్రమే మిగులుతుంది.