ఇసుకలో బంగారం

కంది ప్రాంతంలో ఉండే మనకు సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా విశాఖకో, సూర్యలంకకో వెళ్లిన మన పిల్లలు గుప్పిళ్ల నిండా గవ్వలు, ఆల్చిప్పలు తెచ్చుకుంటారు. బజారులో వాటికి వెల లేకపోవచ్చు. వెదికి ఏరుకున్నవి గనుక వాళ్లకవి నిధులే.

కాకినాడ దగ్గరి ఉప్పాడ తీరంలో వెదుకులాట మరోలా ఉంటుంది. 2020 నవంబరులో నివర్ తుఫాను అలజడి తగ్గాక అక్కడి మత్స్యకార కుటుంబాలు ఇసుకలో బంగారం కోసం వెదికాయి. కొందరికి చిన్న చిన్న ముక్కలు, పూసలు దొరికాయి కూడా. ఆ బంగారం ఎక్కడిది? ఉప్పాడలో సముద్రం ఏళ్ల తరబడి ఒడ్డును కోసేస్తోంది. ఇళ్లు, గుళ్లు అలల్లో కలిసిపోయాయి. వాటితో పోయిందే ఇలా తిరిగొస్తోందని ఊరివారు చెబుతారు. అంటే ఒకరికి దొరికిన సంతోషం వెనుక మరొకరు పోగొట్టుకున్న దుఃఖం ఉందన్నమాట.

లూకా సువార్త 15వ అధ్యాయంలో యేసుప్రభువు పది వెండి నాణేలున్న ఒక స్త్రీని గురించి చెప్పాడు. ఒక్కటి పోతే ఆమె దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరికేదాకా వెదికింది. ఎందుకంటే పోయింది తనది! ఏరుకోవడానికి వచ్చినవాడు పొద్దుగూకితే ఇంటికి వెళ్లిపోతాడు. పోగొట్టుకున్నవాడు దొరికేదాకా వెదుకుతాడు. దేవుడు మనల్ని వెదికేది ఇలాగే.

బతుకుతెరువు కోసం ఊరు విడిచి పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో చేరి, షిఫ్టుల మధ్య మందిరానికి దూరమై, తననెవరు తలుస్తారులే అనుకునే సోదరుడు మన వీధిలోనే ఉండవచ్చు. ఈ వారం అతని తలుపు తడదాం. వెదికే దేవుడు మన చేతికీ ఒక దీపం ఇచ్చాడు.