ఎద్దుమైలారం బండి మా ఇంటి హౌజులో

సరిగ్గా నాలుగు సెకన్లు. ఇంటి వెనక సిమెంటు హౌజులోకి దింపిన బండి రెండు జానలు ముందుకు పోయింది, ముక్కు దించింది, బుడుంగున మునిగింది. ఆరు నెలల వీకెండ్లు, రెండు మోటార్లు, ఒక రిసీవర్... అన్నీ అడుగున. పక్కనే నిలబడ్డ బాపు ఒకటే మాట అన్నడు: "ఏందిరా, గిదేనా నీళ్లల్ల నడిచే బండి?"

అదే. పేరు బీఎంపీ-2, మన సైన్యం పెట్టుకున్న పేరు 'సారథ్'. రష్యా డిజైనే కానీ, తయారయ్యేది మన దగ్గరే. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో పెట్టిన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ నుంచి 1987 తర్వాత వందల బండ్లు బయటికి వచ్చాయి. బరువు సుమారు 14 టన్నులు. లోపల ముగ్గురు సిబ్బంది, ఏడుగురు సైనికులు. పైన 30 ఎంఎం ఫిరంగి. రోడ్డు మీద 65 కిలోమీటర్ల స్పీడు. వాగు అడ్డమొస్తే ముందున్న పలక పైకి లేపి, లోపలి పంపులు ఆన్ చేసి నేరుగా దిగిపోతుంది. నీళ్లలో గంటకు ఏడు కిలోమీటర్లు. స్పెషల్ ప్రొపెల్లర్ ఏమీ లేదు, ట్రాకులే తెడ్లు.

నేను చేసేది దీనికి 1:35 మోడల్. జ్వెజ్డా, ట్రంపెటర్ లాంటి కంపెనీల ప్లాస్టిక్ కిట్లు దొరుకుతాయి, కానీ అవి షోకేసులో పెట్టుకునేవి. మోటార్లు పెట్టి నీళ్లలో నడిపించడం మన తిప్పలు. ఈ 35 అనే వింత నంబర్ ఎక్కడిదంటే, జపాన్‌లో టమియా కంపెనీ 1960ల మొదట్లో పాంథర్ ట్యాంకు చేసినప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టేలా సైజు పెట్టుకుంది. లెక్కేస్తే 35వ వంతు దగ్గర తేలింది. ప్రపంచమంతా అదే పట్టుకుంది!

నా తప్పు కూడా లెక్కలోనే. పొడవు 35వ వంతు చేస్తే బరువు 35వ వంతు కాదు. 35ని మూడుసార్లు హెచ్చించాలి, 42,875వ వంతు. 14 టన్నులను దానితో భాగిస్తే 326 గ్రాములు. అంతకు మించితే అసలు బండి తేలినంత ఎత్తులో బొమ్మ తేలదు. నాది కిచెన్ త్రాసు మీద పెడితే 408! బీటెక్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ పాసైన మనిషిని, సిగ్గేసింది.

గోడ గడియారంలో వేసే సెల్లులు నాలుగు తీసేసి చిన్న లిపో బ్యాటరీ పెట్టాను, 72 గ్రాములు తగ్గాయి. మోటార్ల కింద ప్లైవుడ్ బదులు ఏం పెట్టాలి? బల్సా ఆన్‌లైన్‌లో తెప్పించొచ్చు. కానీ నిర్మల్ ఉన్నది మన పక్కనే కదా! పాత ఆదిలాబాద్ జిల్లాలో నకాశీలు తరతరాలుగా బొమ్మలు చేసేది పొణికి కర్రతోనే. చెక్కితే వెన్నలా వస్తుంది, బరువు అసలే ఉండదు. ఇప్పుడా కర్ర దొరకడమే కష్టమైంది. అక్కడ ఒక పెద్దాయన "యుద్ధం బండికి పొణికి కర్రనా?" అని నవ్వి, అరచేయంత తుక్కు ముక్క ఇచ్చాడు. పైసలు తీసుకోలేదు. దానికి మూడు కోట్లు వార్నిష్ కొట్టాను, లేకపోతే నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఇంకో 18 గ్రాములు తగ్గాయి.

బరువు తీరింది, లీకు మిగిలింది. ట్రాకును తిప్పే ఇరుసు బయటికొచ్చే రంధ్రం నుంచి నీళ్లు లోపలికి. సిలికాన్ పూస్తే ఇరుసు తిరగదు. రెండు వారాలు యూట్యూబ్ చూశాను. బాపుది మోటార్ వైండింగ్ షాపు, ముప్పై ఏళ్ల అనుభవం. ఓ రాత్రి నా టేబుల్ దగ్గరికొచ్చి, "పంపు షాఫ్టుకు ఏం జేస్తం? గ్రీజు వెట్టిన దారం చుడ్తం. గిదిగూడ పంపే గదరా" అన్నడు. సన్న ఇత్తడి గొట్టం, అందులో గ్రీజులో నానబెట్టిన నూలు దారం. అంతే, లీకు బంద్.

షాపులోని సన్న రాగి తీగ కూడా ఆయనే తెచ్చాడు. రెండు పోగులు మెలేస్తే బండి వెనక లాగుడు తాడు అచ్చు గుద్దినట్టు వచ్చింది. కరీంనగర్ ఫిలిగ్రీ పనివాళ్లు వెండి తీగను ఇట్లాగే మెలేస్తారు కదా, ఐడియా అక్కడిదే.

ఇంకో చిక్కు: ట్రాకు కింది భాగం నీళ్లను వెనక్కి తోస్తే, పై భాగం ముందుకు తోస్తుంది. రెండూ కొట్లాడుకుంటే బండి కదలదు. అసలు సారథ్‌లో పై భాగాన్ని మడ్‌గార్డు కప్పేస్తుంది. నేను పల్చటి ప్లాస్టిక్ రేకు అతికించాను.

మెయింటెనెన్స్ చిన్న పనేం కాదు. ప్రతి రన్ తర్వాత మూత విప్పి ఆరబెట్టాలి, లోపల బూట్ల డబ్బాలో వచ్చే సిలికా పొట్లం వేయాలి. లిపోను ఫుల్ చార్జ్‌లో దాచొద్దు, సెల్‌కు 3.8 వోల్టులు చాలు. ఇక మన ఎండలు! మే నెలలో కారులో ఒక్క మధ్యాహ్నం మరిచిపోతే పాత మోడల్ పైకప్పు అప్పడంలా వంగింది. "మానేరు డ్యాంలో వదులు బ్రో" అనే ఫ్రెండ్స్‌కు ఒకటే జవాబు: సిగ్నల్ పోతే తేవడానికి దిగేది నేనే, నాకు ఈత రాదు.

రెండో రన్ మొన్న ఆదివారం. హౌజు ఈ చివర నుంచి ఆ చివరకు రెండు మీటర్లు, తొమ్మిది సెకన్లు. లెక్క ప్రకారం ఆరు సెకన్లలో పోవాలి, పర్వాలేదు. పదకొండు నిమిషాలు తిరిగింది. విప్పి చూస్తే లోపల రెండు చెంచాల నీళ్లు.

బాపు తుడిచి ఇస్తూ, "ఫిరంగి తిరుగదా?" అన్నడు.

తిప్పాలంటే ఒక సర్వో మోటారు కావాలి, తొమ్మిది గ్రాములు. ఇప్పుడు బండి 318. కలిపితే 327. పొణికి ముక్కను ఇంకొక్క గ్రాము గీకాలి.